తిరిగొస్తానని ప్రమాణం

మేడం పోయిందని ఆమె చెల్లెలు ఐరాల నుంచి ఫోను చేసి చెప్పింది. ఏడుస్తూనే, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఆ కాణిపాకం మాట అట్లే నిలబడిపాయ పాపా. నువ్వొచ్చి దాన్ని తీర్చాల" అంది. నేనప్పుడు పరాయి దేశంలో సోషియాలజీ పీజీ చివరి వ్యాసం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మనిషి పోయిన కబురుకు ఏడవాలా, నా నెత్తిన పడ్డ పనికి భయపడాలా అని కాసేపు ఏమీ తోచలేదు. ముందు ఏడ్చాను. భయం తర్వాత మెల్లగా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే తిరుపతిలో తెలిసినవాళ్ళు "ఓ, వీసా రాని యమ్మ గదా" అంటారు. అంత మనిషిని ఆ నాలుగు మాటల్లో చుట్టి పక్కన పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

డిగ్రీలో ఆమె మాకు సోషియాలజీ చెప్పేది. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీ. జూన్‌లో పిలిచి ఏప్రిల్‌లో పంపేసే గెస్టు లెక్చరర్ ఉద్యోగం. ఏటా అలా పిలిపించుకుని, పంపించుకుని, యాభైకి దగ్గరపడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే అడిగినవాళ్ళను బట్టి జవాబు మారేది. ప్రిన్సిపాలుకు "జాతకం కుదరలేదు సార్". మాకు "మీ పేపర్లు దిద్దేదానికే టైము చాల్లేదు మే". ఒకసారి ఆటో అతను అడిగితే "నీ మాదిరోడు దొరకలేదప్పా" అంది. పాపం అతను రేణిగుంట రోడ్డు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఇవన్నీ అబద్ధాలే కదా మేడం అంటే, "వాళ్ళు అడిగింది నిజంగా తెలుసుకునేదానికా? మాట కోసం అడిగినారు, మాట ఇచ్చినా" అనేది. నిజంగా అడిగితే మాత్రం నిజం తప్ప ఇంకోటి చెప్పడం ఆమెకు చేతకాదు. ఆ సంగతి తర్వాత చెన్నైలో తెలిసింది.

మొదటి క్లాసుకు వచ్చి బోర్డు దగ్గరకు పోలేదు. కొంగు నడుములో దోపుకుని, అందరికంటే వెనక బెంచీ పక్కన నిలబడింది. మేమంతా మెడలు తిప్పుకుని చూస్తుంటే ఒకమ్మాయిని లేపి, "ఈ పొద్దు కాలేజీకి ఎట్ల వచ్చినావు?" అని అడిగింది. బస్సులో అంది ఆ అమ్మాయి. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరు వస్తే లేచినావు, ఎవరు వచ్చినా లేవలేదు, కండక్టరు ఎవరిని అమ్మా అన్నాడు, ఎవరిని ఏమే అన్నాడు, ఇట్లా ఒక్కొక్కరినీ లేపుతూ పోయింది. గంట కొట్టేసరికి మా చంద్రగిరి బస్సులో ఎవరు ఎవరికంటే ఎక్కువో, ఎవరు ఎవరిని ముట్టుకోకుండా కూర్చుంటారో మొత్తం బయటపడింది. ఆమె ఒక్క పెద్ద మాట కూడా వాడలేదు. "ఇదే సబ్జెక్టు. మిగిలింది పేర్లు పెట్టుకోవడం" అని వెళ్ళిపోయింది. నాకు ఆ రోజు నుంచి బస్సులో ప్రశాంతంగా కూర్చునే భాగ్యం పోయింది.

"ఎందుకు" అని ఎవరినీ అడగవద్దని ఆమె గట్టి నియమం. "ఎందుకని అడిగితే మనుషులు తమను కాపాడుకుంటారు. ఎట్లని అడుగు. ఎట్ల జరిగిందో చెప్తా చెప్తా ఎందుకో వాళ్ళే కక్కేస్తారు." అడిగే ముందు సంచిలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి ఎదుటివాళ్ళ చేతిలో గుప్పెడు పోసేది. ఒలుచుకుంటూ ఉన్న మనిషి చేతులకు పని ఉంటుంది కాబట్టి నోరు నిజం చెబుతుందని ఆమె సిద్ధాంతం. ప్రిన్సిపాలుకు కూడా పోసింది ఒకసారి. ఆయన ఒలుచుకుంటూ, ఆమె ఉద్యోగం ఎందుకు పర్మనెంటు కాదో మొత్తం చెప్పేశాడట.

ఆమె అద్దెకుండే వీధిలో సోషియాలజీ అంటే సోషల్ సర్వీసే. "మేడం, మా అత్తకు పింఛను నిలిచిపోయింది", "మేడం, కుళాయి రాక వారం అవుతా ఉండాది" అని పొద్దున్నే వాకిట్లో నిలబడేవాళ్ళు. నేను ఒకసారి విసుక్కున్నాను, మీ సబ్జెక్టు అది కాదని చెప్పొచ్చు కదా అని. "చెప్పినా మే. నమ్మలే. ఏ పనీ చెయ్యకుండా, ఊరికే మనుషుల్ని సూసేదానికి జీతమిస్తారా అని నవ్వినారు. దాని కంటే మున్సిపాలిటీకి పోయిరావడం సులువు." పోయేది కూడా. పింఛను వచ్చిన అత్తలు ఇద్దరో ముగ్గురో నాకే తెలుసు.

ఇంతకూ ఆమెకు కావలసింది ఒకటే. కాణిపాకం గురించి రాయాలి.

ఆమెది ఐరాల. కాణిపాకం పక్కనే. మా వైపు ఒకరి మాట ఒకరు నమ్మకపోతే "కాణిపాకంలో సత్తెం చేస్తావా?" అంటారు. దొంగతనం, గట్టు తగాదా, మొగుడూ పెళ్ళాల అనుమానం, ఏదైనా సరే. స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తే ఆ తగవు అక్కడికి సరి. అబద్ధం చెబితే స్వామి ఊరుకోడని అందరి భయం. ఈ సంగతి అందరూ రాశారు, అందరూ చెబుతారు. ఆమెకు కావలసింది గుడి కాదు, జీపు.

"సూడు పాపా, ప్రమాణం చేసేవాడు ఒక్కడే పోడు. వాణ్ణి నమ్మనోడు కూడా పోవాల, చెవులారా వినాల గదా. ఇద్దరూ ఒకే ఊరు. ఉండేది ఒకే జీపు. పొయ్యేటప్పుడు పక్కపక్కనే కూచుంటారు. దావలో టిఫిను చేస్తారు. ఒకడు ఇంకోనికి నీళ్ళ సీసా ఇస్తాడు. దేవుని ముందర ఏమన్నారో ఊరంతా చెప్తాది. ఆ జీపులో ఏం మాట్లాడుకున్నారో ఎవురూ చెప్పరు. సగం తగవులు జీపు దిగేలోపలే తీరిపోతాయి మే. నాకు ఆ జీపు కావాల." ఇది చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. చదువు అంటే ఇంత ఆశ ఉంటుందని నాకు తెలియదు. నేను చదివింది పరీక్షల కోసం.

దూర దేశంలో ఒక యూనివర్సిటీ ప్రొఫెసరమ్మకు ఈ జీపు సంగతి రాసింది. ఆ దేశం పేరు వద్దు, వాళ్ళతో నాకు తగవు పెట్టుకునే ఓపిక లేదు. ప్రొఫెసరమ్మ జవాబు రాసింది, వచ్చి చదవమని. ఫీజు లేకుండా సీటు. మేడం నన్ను కూడా అప్లై చేయించింది. "నువ్వూ రాయి. ఒకదాన్నే పోతే ఆడ నా తెలుగు ఎవురు వినాల?" అంది. నేను లాడ్జీల్లో గదులు ఊడ్చే ఆడవాళ్ళ గురించి ఏదో రాసిచ్చాను. నాకూ సీటు వచ్చింది. టీచరూ స్టూడెంటూ ఒకే క్లాసులో కూర్చోబోతున్నామని ఇద్దరం తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, బయట పూలు కొనుక్కుని, పిచ్చి పిచ్చిగా నవ్వుకున్నాం.

వీసా ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇచ్చే ఒకాయన ఉండేవాడు. బల్లకు అవతల కూర్చుని తనే ఆఫీసరై ప్రశ్నలు వేసేవాడు. మేడంను చూడగానే ఆయనకు చెమట పట్టింది. ఈ వయసులో, పెళ్ళి కాని మనిషి, పర్మనెంటు ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. "తిరిగి వస్తారని వాళ్ళెట్ల నమ్మాల మేడం? జుట్టుకు రంగు వెయ్యండి. చెల్లెలు పొలం మీదేనని చెప్పండి. కాలేజీ వాళ్ళు సెలవిచ్చినారని, వచ్చి చేరాలని చెప్పండి." రంగు వేసుకుంది. మిగతా రెండూ చెప్పనంది. రంగు మాత్రం అబద్ధం కాదా అని నేను ఉడికించాను. "అది జుట్టు చెప్పే అబద్ధం మే. నేను చెప్పేది కాదు" అంది.

చెన్నైలో ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ. నన్ను అద్దం అవతలి అమ్మాయి మా నాయన ఏం చేస్తాడని, చిత్తూరులో ఇల్లు సొంతమా అని అడిగింది. చెప్పాను. తిరిగొస్తావా అని అడగను కూడా లేదు, వీసా ఇచ్చేసింది. మేడంను అడిగింది. ఇంట్లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఉద్యోగం? ఏప్రిల్‌తో అయిపోయింది. మరి ఎందుకు తిరిగి వెళతారు? మేడం నిజమే చెప్పింది, "నేను చదవాలనుకున్న మనుషులంతా ఇక్కడే ఉన్నారు. వాళ్ళు లేని చోట నేనేం చేయాలి?" అని. ఇంతకంటే మంచి జవాబు ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను. ఆ అమ్మాయి నమ్మలేదు.

బయటికొచ్చి నాకు వచ్చిందని తెలిసి నన్ను గట్టిగా పట్టుకుంది. తిరుపతి బస్సు ఊత్తుకోట దాటేదాకా మామూలుగానే మాట్లాడింది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, "అబద్ధం చెప్పి పట్టుబడింటే ఇంత బాధ లేదు. నిజం చెప్తే నమ్మకపాయ. అప్పుడేం చేసేది?" అంది. కాసేపాగి, "ఇన్నేళ్ళూ కాణిపాకం వచ్చేవాళ్ళను రోడ్డు పక్క నిలబడి సూసినా పాపా. వాళ్ళ కడుపులో ఉండేది ఇదా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా పాసుపోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, వీసా వేసి పంపడానికి. ఆమెది ఆమె సంచిలోనే ఉంది.

ప్రమాణం ఆలోచన చెల్లెలిది. ఐరాలలో చెరకు, ఆవులు, ఆమె లోకం అది. అక్క చదువంటే గౌరవం, అక్క మొండితనమంటే భయం. "మన మాట నమ్మకపోతే మనం యాడికి పోతాం? కాణిపాకానికి గదా. పోయి సత్తెం చెయ్యి. ఆ మాట వాళ్ళకు చెప్పు. అంతకుమించి ఎవురైనా ఏం చేస్తారు?" అంది. మేడం ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వలేదు. రెండోసారి ఇంటర్వ్యూకు రాసుకుని, ఒక ఉదయం నన్ను కూడా ఐరాలకు రమ్మంది. చదువు కోసం అని నాతో చెప్పింది, చేసి చూస్తే కదా తెలిసేది అని. ఆ మాటను ఆమే నమ్మినట్టు లేదు.

జీపులో ముగ్గురం. నేను ఊరుకోకుండా, "మేడం, మీకు కావలసిన జీపు ఇదే కదా, ఏం మాట్లాడుకుందాం?" అన్నాను. "ఏం మాటలు రాలేదని రాసుకో" అంది. టిఫిను కూడా తినలేదు. అక్కడ దిగాక ఒక చిక్కు వచ్చింది. నమ్మనివాళ్ళు ఎదురుగా ఉండాలి కదా. నమ్మనావిడ చెన్నైలో ఉంది. మేడం నావైపు తిరిగి, "నువ్వు ఆ పిల్ల స్థానంలో నిలబడు. నవ్వద్దు. ఆ పిల్ల నవ్వలేదు" అంది. నాకు అప్పుడు నిజంగానే నవ్వు వస్తోంది. నిలబడ్డాను.

స్నానం చేసొచ్చిన మేడం తలమీంచి నీళ్ళు కారుతున్నాయి. జుట్టు రంగు కొంచెం చెవి మీదికి దిగింది. చేతులు జోడించి, క్లాసులో మాట్లాడినంత స్పష్టంగా, "నేను చదువుకునేదానికి పోతాను స్వామీ. చదువు అయిపోతానే తిరిగొస్తాను. రాకపోతే" అని ఇంకేదో అనబోయింది. చెల్లెలు గబుక్కున ఆమె నోరు మూసింది. "రాకపోతే అనేది వద్దు. వస్తావు. అంతే చాలు." తర్వాత ఇద్దరూ నావైపు చూశారు. విన్నవాళ్ళు నమ్మినామని చెప్పాలి, అప్పుడే తగవు తీరినట్టు. "నమ్మినాను" అన్నాను. మేడం ఆ మాటకు ఏడ్చినంతగా సీటు వచ్చినప్పుడూ ఏడవలేదు, వీసా రానప్పుడూ ఏడవలేదు.

రెండోసారి నేను బయట రోడ్డు మీద నిలబడి ఎదురుచూశాను. లోపల ఈసారి ఒక మగాయన. పోయినసారికీ ఇప్పటికీ మీ పరిస్థితిలో ఏం మారిందని అడిగాడట. మేడం ఇంగ్లీషులో, మా ప్రాంతంలో మాట నిలబెట్టే దేవుడి ముందు తిరిగొస్తానని ప్రమాణం చేశానని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడట. ఆ ప్రమాణం గురించి ఇంకా చెప్పమన్నాడట కూడా. అయినా ఇవ్వలేదు. "మంచోడు మే, మర్యాదగా విన్నాడు. మంచి ఇంటర్వ్యూ. నా చేతిలో చెనిక్కాయలు లేవు గానీ" అంది బయటికొచ్చి. నాకు ఆ మంచోడి మీద, ఆయన మర్యాద మీద, ఆ గోడ మీద, అక్కడున్న పూలకుండీల మీద కూడా కోపమొచ్చింది. కోపం తెచ్చుకుని ఏం చేశానంటే, ఆటో పిలిచాను.

బస్సు పుత్తూరు దాటాక ఉన్నట్టుండి ఆమె నా మోచేయి గిల్లింది. "మే, తిరిగొస్తానని ప్రమాణం చేసినా గదా. తిరిగి రావాలంటే ముందు పోవాల. పోనీకపాయిరి. ఇప్పుడు నా మాట ఏమైనట్టు?" అంది. ఇద్దరం గట్టిగా నవ్వాం. ముందు సీటు ఆయన తిరిగి చూశాడు. నవ్వి నవ్వి ఆమె ఆగిపోయింది. నేనూ ఆపాను.

ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఎంత చదువుకున్నా ఐరాల మనిషే. కాణిపాకం దగ్గర టీ అంగడి ఆయన్ను అడిగింది. "పోతేనే గదమ్మా వచ్చేది. పోలేదు, రావాల్సిన పని లేదు. నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నాడట. ఊళ్ళో ఒక పెద్దామెను అడిగితే ఆమె, "స్వామి ముందర నువ్వేం చెప్పినావు? పోతానని చెప్పినావు, వస్తానని చెప్పినావు. రెండూ చెయ్యాల" అందట. వీటిని నాకు చెబుతూ, ఇది థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోతుందని మురిసిపోయింది. చెల్లెలు మురవలేదు. ఆమె మొక్కులు మొదలుపెట్టింది.

నేను వెళ్ళిపోయాను. ప్రొఫెసరమ్మ ఆమె సీటును మరుసటి ఏటికి అట్టిపెట్టింది. ప్రతి వారం మేడం ఫోను చేసేది. మొదటి మాట "తిన్నావా" కాదు, "ఈ వారం ఏం చెప్పినారు?" నేను పాఠాల ఫోటోలు తీసి పంపేదాన్ని కాదు, ఆమె నాచేత పంపించుకునేది. నమ్మకం గురించి పెద్ద పేరున్న ఒకాయన వ్యాసం చదివి, "అంతా బాగుండాది. ఈయన ఎప్పుడైనా నమ్మనోని పక్కన కూచోని జీపులో పొయినాడా?" అంది. మరుసటి రోజు క్లాసులో ఆమె మాటగానే చెప్పాను. అందరూ నిటారుగా కూర్చున్నారు. ఆ తర్వాత ఏదైనా చిక్కు ప్రశ్న వస్తే ప్రొఫెసరమ్మ నన్ను, "తిరుపతిలో మీ సహాధ్యాయి ఏమంటోంది?" అని అడిగేది. ఆ సంగతి మేడంకు ఫోనులో చెప్పాను. "అట్లయితే నా హాజరు వేసినారా?" అని అడిగింది.

మూడోసారి ఇంటర్వ్యూకు రాసుకుంటానంటూ ఉండగానే కడుపులో నొప్పి మొదలైంది. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. గడ్డ అన్నారు. అప్పటికే ఆలస్యమైందని కూడా అన్నారు. చెల్లెలు వెంటనే కారణం తేల్చేసింది. మాట తీరకుండా నిలబడిపోయింది కాబట్టే. ఇదంతా మూఢనమ్మకమని ఫోనులో చెల్లెలితో నేను వాదించాను. ఇంత దూరం నుంచి వాదించడం తప్ప నా చేతిలో ఏముంది? "నువ్వు సదువుకున్నావు పాపా, నీకు మాటలు వస్తాయి. నాకు మా యక్క కావాల" అందామె. ఆ తర్వాత వాదించలేదు.

మేడంనే అడిగాను, మీరూ అదే అనుకుంటున్నారా అని. "ఒళ్ళు బాగలేనప్పుడు నమ్ముతా ఉండా. కొంచెం తగ్గితే నమ్మను. పూట పూటకూ మారతా ఉండాది. నా సబ్జెక్టు నాకే తగులుకునింది సూడు" అని నవ్వబోయి, నొప్పికి ఆగింది.

ఆఖరుసారి వీడియోలో కనిపించింది. మంచం మీద, చెల్లెలు ఫోను పట్టుకుంటే. జుట్టు రంగు పూర్తిగా పోయింది, తెల్లటి జుట్టులో ఆమె నాకు మరింత మేడంలా కనిపించింది. చదువు ఎంతవరకు వచ్చిందో అడిగింది. చెప్పాను. తర్వాత, "నువ్వు తిరిగొస్తావా మే?" అంది. అడిగేటప్పుడు కళ్ళు నామీదే ఉన్నాయి. వస్తానన్నాను. మా నాయన మీద ఒట్టు, ఆ దేవుడి మీద ఒట్టు అని ఏదేదో అనబోయాను. చెయ్యి ఎత్తి వద్దంది. "ఒట్లు వద్దు. వస్తానని చెప్పినావు గదా, నమ్మినాను." ఆమెను ఎవరైనా అలా నమ్మి ఉంటే అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో వారం కూడా లేదు.

డిగ్రీ పట్టుకుని నేను వచ్చాను. చిత్తూరులో దిగి, ఇంట్లో ఒక పూట ఉండి ఐరాల వెళ్ళాను. చెల్లెలు నాకోసం కొత్త చీర తీసి ఉంచింది, ప్రమాణం అయ్యాక తడిబట్టలు మార్చి కట్టుకోవడానికి. ఆమె అంతా ఆలోచించి పెట్టుకుంది. "సూడు పాపా. మా యక్క సదవాల్సిన సదువు నువ్వు సదివినావు. ఆమె కూచోవాల్సిన తావులో కూచున్నావు. ఆమె మాటలు ఆడ చెప్పినావంట గదా, నాకు చెప్పింది. నువ్వు పొయినావు, వచ్చినావు. అంటే ఆమె పోయొచ్చినట్టే. స్వామి ముందర ఆ ఒక్క మాట చెప్పు. 'ఆమె పోయొచ్చింది, మాట తీరింది' అని. పోయినామె మింద మాట ఉండకూడదు పాపా. ఆ లోకంలో కూడా ఆమెను ఎవురూ నమ్మకుండా పోతే ఎట్ల?"

ఈమెకు నేను ఏం చెప్పాలి? సరే అన్నాను.

దేవుడి మీద నాకు నమ్మకం ఉందని గట్టిగా అనలేను. లేదని అక్కడ నిలబడి అనే ధైర్యమూ లేదు. స్నానం చేసి, తడిబట్టలతో లైనులో ముందుకు జరిగి, స్వామి ఎదుటికి వచ్చాను. చెల్లెలు పక్కన చేతులు కట్టుకుని, నా నోటివంకే చూస్తూ నిలబడింది, వినడానికి. ఆమె చెప్పమన్న మాట చిన్నదే. నాలుగు ముక్కలు. చెబితే ఈ మనిషికి ఈ పూట నుంచి అన్నం సహిస్తుంది. ఎవరికీ నష్టం లేదు. అదే మాట తిరుపతిలో ఏ బస్టాండులో నిలబడి చెప్పమన్నా చెప్పేదాన్ని.

నోరు తెరిచాను. "ఆమె" అన్నాను. పోయొచ్చింది అనే మాట రాలేదు. ఎంత బలవంతం చేసినా రాలేదు. ఆ అద్దం ముందు అన్నీ నిజమే చెప్పి ఖాళీ చేతులతో బయటికొచ్చిన మనిషి తరఫున అబద్ధం ఆడటానికి నా నాలుక తిరగలేదు. వెనక నుంచి ఎవరో త్వరగా కానివ్వమ్మా అంటున్నారు.

"ఆమె పోలేదు స్వామీ" అన్నాను. "పోనియ్యలేదు."

చెల్లెలు నన్ను తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, లెక్క కుదరని మనిషిలా నెమ్మదిగా, "అట్లయితే మా యక్క మాట తీర్చాల్సింది వాళ్ళు గదా పాపా. పోనియ్యకుండా చేసినోళ్ళు" అంది. మళ్ళీ తనే, "వాళ్ళెందుకు వస్తారు ఈడికి?" అంది.

మేము పక్కకు జరిగితే, మా వెనక నిలబడి ఉన్న ఇద్దరు, ప్రమాణం చేసేవాడూ వాణ్ణి నమ్మనివాడూ, ముందుకు వచ్చారు.